కఠారి, బాకు, డాగరు: కొన్ని మాటల చరిత్ర

ఆయుధములన్నింటిలో మనుష్యుని చేతికి మిక్కిలి చేరువైనది పొట్టికత్తి. బాణమును దూరమున నిలిచి విడువవచ్చును. తుపాకిని కనుచూపుమేర నుండి పేల్చవచ్చును. పొడవు కత్తి కూడ ఎదుటివానికిని మనకును నడుమ కొంత ఎడమునైన ఉంచును. బాకు అట్లు కాదు. దానిని వాడదలచినవాడు శత్రువు ఊపిరి తన మొగమునకు తగులునంత దగ్గరకు పోవలెను. అందుచేతనే కాబోలు, లోకమందలి అనేక భాషలలో దీని పేరులు పిడికిలిని, పంటిని, కొండిని, బంధుత్వమును తలపించుచుండును. కవులు ఖడ్గమును పొగడినంతగా దీనిని పొగడలేదు. పేరులు పెట్టుటలో మాత్రము ప్రజలు ఏ కొరతయు చేయలేదు.

మన పెద్దలు చిన్ననాడు వల్లించిన అమరకోశముతోనే మొదలు పెట్టుదము. క్షత్రియవర్గములో అమరసింహుడు పొట్టికత్తికి నాలుగు పేరులు చెప్పినాడు: శస్త్రి, అసిపుత్రి, ఛురిక, అసిధేనుక. అసి యనగా ఖడ్గము. అసిపుత్రి ఖడ్గమునకు కూతురు. అసిధేనుక యనునది మరియు వింతైన మాట. ధేనువనగా పాడియావు గదా, కత్తికిని ఆవునకును ఏమి పొత్తు? సంస్కృతమున ధేనుశబ్దము సమాసము చివర నిలిచినపుడు ఆడుదానిని, దానివలె చిన్నదానిని సూచించుట కలదు. కనుక అసిధేనుక చిన్నకత్తి మాత్రమే. నాలుగు పేరులును స్త్రీలింగములే యగుట గమనింపదగినది. పెద్దకత్తి పేరులలో ఖడ్గ, అసి, కృపాణ మొదలైనవి పురుషుల పక్షము; పొట్టికత్తి ఇంటి ఆడపడుచు. ఆ కృపాణశబ్దమే ఈకారము చేర్చుకొని కృపాణి యగుసరికి, అమరుడు దానిని యుద్ధభూమి నుండి తప్పించి శూద్రవర్గమున పనివారి పరికరముల నడుమ కూర్చుండబెట్టినాడు. అచ్చట దాని అర్థము కత్తెర.

ఈ నాలుగింటిలో తెలుగునాట ఎక్కువగా వేరూనినది ఛురిక. అది మన నోట సురియ యైనది. చురకత్తిలోను దాని ఛాయయే కలదు. తక్కిన మూడును శ్లోకమునకే పరిమితమైనవి. కత్తి యను మాట మాత్రము ద్రావిడభాషలకు సొంతము. తమిళమునను అదియే రూపము.

ఇక బాకు. తెలుగువాడు డాగరును తెనిగింపవలసివచ్చినపుడు మొదట నోటికి వచ్చునది ఇదే. కన్నడమునను ఇదే మాట కలదు. హిందీలో బాంక్ అను వంకరకత్తి ఒకటి యున్నది. సంస్కృత వక్రశబ్దము ప్రాకృతమున వంకయై, ఆ వంకయే బాంక్ ఐనది. మన బాకును దానికి చుట్టముగా తలచుటకు మనసు పోవును గాని, మనము నేడు బాకనునది తిన్ననిదే గాని వంకరది కాదు. పేరునకును రూపమునకును ఇంత ఎడమున్నపుడు శబ్దసామ్యమొక్కటే చాలదు. కైజారు అను మరియొక పాత మాట కలదు. దానిలోని ‘కై’ని చూచి చేయి యని అర్థము చెప్పుకొనుట సులువే. నాకు మాత్రము అది అరబ్బీ పారసీక భాషల ఖంజరు తెలుగు నోట నలిగి పుట్టినదనియే తోచును. పరాయి మాట మన యింట అడుగుపెట్టగానే దానికి మన బట్టలు తొడుగుట మనకు అలవాటు గదా! ఆ ఖంజరు అరేబియా దేశములలో ఎంత గౌరవము పొందినదనగా, 1970 నుండి ఒమాన్ దేశపు జెండాపై అది రెండు ఖడ్గముల నడుమ చిత్రింపబడి యున్నది.

బాకునకు ముందు ‘పిడి’ చేర్చి పిడిబాకు అందుము. పిడి యనగా పట్టుకొను భాగము. పిడికిలి, పిడికెడు అను మాటలు దాని తోబుట్టువులు. ఇప్పుడు ఒక్క క్షణము ఐరోపా వైపు చూడుడు. ఫ్రెంచివారు పొట్టికత్తిని పొఞార్ అందురు, ఆంగ్లేయులు దానినే పోనియార్డు అన్నారు. దాని మూలము ఫ్రెంచిలో పిడికిలి యని అర్థమిచ్చు మాట. దానికి మూలము లాటినులోని పుగ్నుస్. రోమను సైనికుని నడుమున వ్రేలాడిన పొట్టికత్తి పేరు పుగియో. అదియు ఆ కుటుంబములోనిదే, గ్రుచ్చుట, గ్రుద్దుట అను భావములనుండి పుట్టినది. ఒకరి నుండి ఒకరు అప్పు తెచ్చుకొనని రెండు భాషాకుటుంబములు ఈ ఆయుధమునకు పిడికిలి పేరే పెట్టినవి. ఇట్టి సామ్యము అరువు మాటలకన్న నాకు ఎక్కువ విలువైనదిగా తోచును. ఏలయన ఇది ఒకరి మాటను ఒకరు వినుటవలన గాక, ఇరువురును ఒకే వస్తువును చేతబట్టి చూచుటవలన కలిగినది.

పిడికిలితో పట్టు కత్తులలో లోకమంతయు భారతదేశమునకు ప్రత్యేకముగా ఎంచునది ఒకటి కలదు. దాని పిడి తక్కిన కత్తులవలె అలుగునకు కొనసాగింపు కాదు. రెండు నిలువు కమ్ములు, వాని నడుమ ఒకటి రెండు అడ్డు కమ్ములు. ఆ అడ్డుకమ్మిని పిడికిట బట్టినచో అలుగు వ్రేళ్ల కణుపులకు ముందుగా తిన్నగా నిలుచును. గ్రుద్దు గ్రుద్దినట్లే పొడువవలెను. నిలువు కమ్ములు ముంజేతికి ఇరుప్రక్కల కాపుగా నుండును. నేడు వస్తుప్రదర్శనశాలలలో దీని క్రింద కటార్ అని వ్రాసియుండును. ఇది సరియైన పేరేనా? ఈ ప్రశ్నపై పండితులు గట్టిగానే వాదించుకొనిరి.

అక్బరు కొలువులో అబుల్ ఫజలు 16వ శతాబ్ది చివర వ్రాసిన ఐనె అక్బరీలో పాదుషావారి ఆయుధాగారపు పట్టిక యున్నది. అందు జమధరు, ఖంజరు, ఖప్వా, జమ్ఖాక్, బాంక్, కటారా మొదలైనవి వేరువేరు ఆయుధములుగా లెక్కింపబడినవి. పిడికిట బట్టి గ్రుద్దు కత్తిని ఆ గ్రంథమునకు చేర్చిన బొమ్మలలో జమధరు అని చూపిరి. కటారా అనునది వేరొక కత్తి. 1880లో ఎగర్టన్ దొర లండనులోని భారతీయ ఆయుధములకు వివరణ గ్రంథము ప్రకటించెను. ఆ గ్రంథములో జరిగిన తారుమారు వలననే జమధరునకు కటార్ అను పేరు అంటుకొన్నదనియు, తరువాతివారందరును దానినే పట్టుకొనిరనియు మన కాలపు పరిశోధకులు కొందరు తేల్చిరి. ఈ మాట నేడు చాల పుస్తకములలో కనబడును.

కాని 14వ శతాబ్దిలోని సాక్షి యొకడు దీనికి అడ్డు వచ్చుచున్నాడు. అతడు మొరాకో దేశపు యాత్రికుడు ఇబన్ బతూతా. 1333లో సింధునదిని చేరి, ఢిల్లీలో మహమ్మదు బిన్ తుగ్లకు కొలువున కొన్నియేండ్లు పనిచేసి, తరువాత దక్షిణమునకు బయలుదేరిన అతడు త్రోవలో విన్న ఒక మరణవృత్తాంతమును వ్రాసిపెట్టినాడు. అలాపురమను చోట బద్రు అను హబసీ అధికారి యుండెను. సాహసమునకు పేరుపొందినవాడు. ఒక గ్రామముపై పడబోయి గుఱ్ఱముతో కూడ గోతిలో కూలెను. గ్రామస్థులు చుట్టుముట్టిరి, అందొకడు అతనిని కత్తారాతో పొడిచి చంపెను. ఆ మాట తన దేశమువారికి తెలియదు గనుక ఇబన్ బతూతా వివరించినాడు: అది నాగటికర్రువంటి ఇనుప ఆయుధమట, చేయి దానిలోనికి దూర్తురట, ముంజేతికి అది కాపుగా నుండునట, దాని దెబ్బ తిన్నవాడు బ్రదుకడట. ఇంతకన్న స్పష్టముగా ఎవరు చెప్పగలరు? ఎగర్టన్ పుట్టుటకు దాదాపు అయిదువందల యేండ్లకు ముందే పల్లెవాడొకడు గ్రుద్దుకత్తిని చేతబట్టి యుండెను. దానికి కఠారి యనియే పేరు.

నా మట్టునకు నాకు ఇందులో తప్పెవరిదియు కాదనిపించును. పాదుషా ఆయుధాగారపు గుమాస్తాకు ప్రతి కత్తికిని వేరుపేరు కావలెను, లెక్క వ్రాసుకొనవలెను గదా. పల్లెవానికి ఆ చిక్కు లేదు. అతనికి నడుమున దోపుకొనునది ఏదైనను కఠారియే. పట్టికలోని పేరును పట్టుకొని నోటిలోని పేరు తప్పనుట న్యాయము కాదు.

జమధరను పేరు కూడ ఊరకున్నది కాదు. అందలి జమ యముడు; అందు సందేహము లేదు. ధర అన్నచోట ధార, అనగా యముని కత్తివాదర, అని కొందరందురు. దాఢ, అనగా దంష్ట్ర, అని మరికొందరందురు. ఉత్తరదేశమున జమదాఢ అను రూపము కలదు. మన నిఘంటువులలోని జముదాడి ఆ పక్షమునే బలపరచుచున్నది. యముని కోఱ! దున్నపోతు నెక్కి వచ్చు యముని పాశమును, దండమును ఎరిగిన మనకు ఆయన నోటిలోని పన్ను గుర్తుకు రాదు. ఈ పేరు పెట్టినవానికి మాత్రము అదే మొదట కనబడినది.

తెలుగు కన్నడ దేశముల చరిత్రలో కఠారి యొక వంశపు బిరుదములోనికి ఎక్కినది. విజయనగర సింహాసనమును 1485లో ఆక్రమించిన సాళువ నరసింహరాయని వంశమువారు శాసనములలో తమ్ము మేదినీమీసరగండ యనియు కఠారి సాళువ యనియు చెప్పుకొనిరి. సాళువమనగా డేగ. వేటాడు పక్షియు, పొడుచు కత్తియు కలిసి ఒక కుటుంబమునకు గుర్తులైనవి. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని జైమినిభారతమునకు కృతిభర్త ఈ నరసింహుడే. విజయనగరపు రాజముద్రయందు వరాహము, పైన సూర్యచంద్రులు, ఎదుట మొన నిలిపిన ఆయుధము ఉండును. దానిని కొందరు కత్తి యనియు, కొందరు కఠారి యనియు వర్ణింతురు. బొమ్మ చిన్నది, కనుక ఇరువురకును తావున్నది.

తంజావూరు కోటలోని ఆయుధాగారమున 17వ శతాబ్ది నాటి కఠారులు రాసులుగా నుండెడివి. వానికి చేతివెలుపల మూతవంటి రేకు తొడుగును, దానిపై దేవతల, మృగముల నగిషీయు కలవు. వానిలో కొన్నింటి అలుగు ఈ దేశపుది కాదు. విరిగిపోయిన ఐరోపా కత్తుల ముక్కలను మన పనివారు తెచ్చి ఈ పిడులకు బిగించిరి. పోర్చుగీసువాని కత్తియైన నేమి, పనికివచ్చు ఉక్కును పారవేయుదురా? 19వ శతాబ్దిలో ఆ ఆయుధాగారము చెదరిపోయినది. వానిలో కొన్ని అమెరికాలోని మెట్రోపాలిటన్ ప్రదర్శనశాల వరకు పోయి కూర్చున్నవి. అంత దూరము పోలేనివారు హైదరాబాదులోని సాలార్‌జంగు ప్రదర్శనశాలకు పోవచ్చును. అందు పచ్చరాతి వస్తువుల గదిలో జహంగీరు బాకును, నూర్జహాను పండ్లు కోసుకొన్న చాకును చూపుదురు. ఆలుమగల చేతుల్లోని రెండు అలుగులు ఒకే గదికి చేరినవి.

బిచ్చువా యను కత్తి సంగతి యొకటి చెప్పవలెను. సంస్కృత వృశ్చికము హిందీలో బిచ్ఛూ యైనది. తేలుకొండివలె వంకర తిరిగిన చిన్నకత్తి బిచ్చువా. 1659 నవంబరులో ప్రతాపగడపు కొండక్రింద శివాజీయు అఫ్జలుఖానును ఆలింగనము చేసికొన్నప్పుడు శివాజీచేత పులిగోళ్లతోపాటు బిచ్చువాయు ఉండెనని మరాఠీ బఖరులు చెప్పును. ఇంతవరకు చరిత్రపుస్తకములు చదివినవారికి తెలిసినదే. కాని ఉత్తరదేశమున ముత్తైదువులు కాలివ్రేళ్లకు పెట్టుకొను మెట్టెలకు కూడ బిచ్ఛువా యనియే పేరు! ఒకే మాట ఒకచోట శత్రువు కడుపులోనికి పోయినది, మరియొకచోట ఇల్లాలి కాలివ్రేలికి చుట్టుకొన్నది. ఆయుధము అలంకారమగుట మన దేశమున క్రొత్త కాదు. కొడగునాట పెండ్లికొడుకు నేటికిని నడుమున పీచెకత్తి ధరించియే పీటలమీదికి వచ్చును.

మన బొబ్బిలికథ ఎరుగని తెలుగువాడుండడు. 1757 జనవరిలో కోట కూలిన పిదప తాండ్ర పాపారాయడు రాత్రివేళ గుడారములో జొరబడి విజయరామరాజును పొడిచి చంపెను. పాటలు పాడినవారు ఆ చావును యుద్ధమున పొందిన చావుకంటె ఎక్కువగా పాడిరి. ఏలయన ఫిరంగులు కూల్చిన కోటకు బదులు తీర్చుకొన్నది అరచేతి పొడవు ఇనుము.

మతధర్మముగా ధరించు పొట్టికత్తి సిక్కుల కిర్పాణము. అమరకోశములోని కృపాణమే అది. 1950 నుండి అమలునందున్న మన రాజ్యాంగము 25వ అధికరణమునకు చేర్చిన వివరణలో, కిర్పాణమును ధరించుట, వెంట ఉంచుకొనుట సిక్కు మతావలంబనములో భాగముగా ఎంచబడునని వ్రాసియున్నది. ఆయుధమునకు పేరుపెట్టి రాజ్యాంగములో చోటిచ్చుట అరుదు.

ఇక డాగరు. ఆంగ్లములో ఈ మాట 14వ శతాబ్ది చివరనుండి కనబడును. ఛాసరు కవి కాంటర్బరీ యాత్రికులలో ఒకని నడుమున దానిని దోపినాడు. ఫ్రెంచివారి దాగ్ దీనికి దగ్గరి చుట్టము. అంతకు వెనుక ఏమున్నదో నిఘంటుకారులు ఒప్పుకొనలేదు. నేటి రుమేనియా ప్రాంతమున పూర్వము దాకియా యను దేశముండెననియు, ఆ దేశపు కత్తి గనుక దాగ్ అయినదనియు ఒక కథ ప్రచారములోనున్నది. చక్కని కథయే. కాని కత్తి యను అర్థమున అట్టి లాటిను మాట ఏ గ్రంథమునందును దొరకలేదు. దాకియనుల పేరుపొందిన ఆయుధము కొడవలివంటి వంకరకత్తి, పొడుచునది కాదు. జర్మనులు ఈ ఫ్రెంచి మాటనే తీసికొని డేగెన్ అనిరి; అది వారి చేత పెరిగి పెరిగి పొడవైన సన్నకత్తికి పేరైనది. స్పానిషు నాటకములలో అంగీయు ఖడ్గమును పేరుగాగల ఒక తెగ యుండెను. ఆంగ్లమునకు వచ్చుసరికి ఆ ఖడ్గము కుదించుకొని డాగరైనది. నేడు గూఢచారుల కథలకు ఆంగ్లేయులు అంగీ, డాగరు అను జంటనే వాడుదురు. పొట్టిది పొడవగుట, పొడవుది పొట్టి యగుట మాటల లోకమున సాధ్యమే.

రోమనులకు పుగియోతోపాటు సికా యను వంకరబాకు కూడ తెలియును. దానిని చీరమడతలో దాచుకొని తిరుగువాడు సికారియుస్. క్రీస్తుకు పూర్వము 81లో సుల్లా చేసిన హత్యాశాసనమునకు ఆ మాటయే పేరైనది. బాకు పేరు హంతకుని పేరై, హంతకుని పేరు నేరము పేరైనది. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో యూదా దేశమున రోమనులపై తిరుగబడి సంతలలో జనుల నడుమ పొడిచి మాయమైనవారిని చరిత్రకారుడు యోసేఫస్ ఆ పేరుతోనే పిలిచినాడు. స్పానిషులో నేటికిని కూలికి చంపువాడు సికారియో.

లాటినులో మైనపుపలకపై వ్రాయు లోహపుములికి స్తిలుస్. మన పూర్వులు తాటాకుపై వ్రాసిన గంటమునకు అది అన్నదమ్ముని వంటిది. ఆ స్తిలుస్ ఇటలీలో స్తిలెత్తో యను సన్నని బాకైనది. వ్రాతపరికరమునకును హత్యాయుధమునకును ఈ చుట్టరికము నిఘంటువులో మాత్రమే పుట్టలేదు. క్రీస్తుకు పూర్వము 44 మార్చిలో సభామందిరమున జూలియస్ సీజరుపై మొదటి పోటు పడినపుడు, అతడు కాస్కా చేయి పట్టుకొని తన చేతనున్న వ్రాతములికితో గ్రుచ్చెనని స్యుతోనియస్ వ్రాసినాడు. ఆయన లెక్క ప్రకారము సీజరునకు 23 పోట్లు తగిలినవి. తరువాత బ్రూటసు తన సేనకు పంచిన నాణెముపై రెండు బాకులను, వాని నడుమ విడుదలపొందిన బానిస ధరించు టోపీని ముద్రించెను. చంపిన ఆయుధమునే నాణెముపై చిత్రించి, దాని ప్రక్కన స్వాతంత్ర్యమని చదువుమన్నాడు. రెండేండ్లు తిరుగకముందే ఆ నాణెముతో జీతమందుకొన్న సేన ఫిలిప్పీలో ఓడిపోయినది, బ్రూటసు తన కత్తిమీదనే పడినాడు.

కాగితముపై కూడ డాగరొకటి కలదు. పుట అడుగున వివరణ ఇచ్చునపుడు చుక్కగుర్తు తరువాత ముద్రాపకులు పెట్టు శిలువవంటి గుర్తునకు అదే పేరు. దాని పుట్టుక అలెగ్జాండ్రియా గ్రంథాలయములో. క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దిలో జెనోడోటస్, ఆ మీదట అరిస్టార్కస్, హోమరు కావ్యములలో కవి వ్రాసినవి కావని అనుమానము కలిగిన పంక్తుల ప్రక్కన ఒక గీత గీచిరి. దాని పేరు ఒబెలోస్, అనగా మాంసము కాల్చు ఇనుపచువ్వ. పంక్తిని కొట్టివేయలేదు సుమా! చువ్వకు గ్రుచ్చి ప్రక్కన నిలిపిరి. చదువువారు తామే విచారించుకొందురని. పరిష్కరణశాస్త్రమునకు ఇంతకన్న మర్యాదగల ఆరంభమును నేనెరుగను. అనుమానమున్నచోట చెరిపివేయు పరిష్కర్తలు తరువాత ఎందరో పుట్టిరి. ఒబెలోస్ సంతానములో మరి రెండు మాటలు కలవు: చిన్నచువ్వ యను అర్థముతో ఈజిప్టు రాతిస్తంభములకు పెట్టిన ఒబెలిస్క్, గ్రీకుల చిల్లరనాణెము ఒబోల్. నాణెములు లేనినాడు ఇనుపచువ్వలే చెలామణి యైనవి. పిడికిట పట్టునట్టి ఆరు చువ్వలు ఒక ద్రాఖ్మా. ఇక్కడను పిడికిలియే!

ఆ గుర్తు నేడు చేయుచున్న పనులు చిత్రమైనవి. ఐరోపా వంశవృక్షములలో తేదీకి ముందు చుక్కగుర్తు పుట్టుకను, డాగరుగుర్తు మరణమును తెలుపును. ఆక్స్‌ఫర్డు మహానిఘంటువులో వాడుక తప్పిన మాట ముందు దానిని నిలుపుదురు. క్వాంటం శాస్త్రజ్ఞులు మాత్రము అక్షరము నెత్తిన డాగరు పెట్టినపుడు దానిని సృష్టిచేయు గుర్తుగా చదువుదురు. డాగరు లేని అక్షరము నాశము చేయునది. మన నిఘంటుకారులు ఆక్స్‌ఫర్డు పద్ధతిని అవలంబించినచో మొదట ఆ గుర్తు తగులునవి సురియ, కైజారు, జముదాడి. బాకునకును కఠారికిని ఇంకను ఆ అవసరము రాలేదు.